మాల్ఖానాలో టమాటాలు

"రాసుకోండి బాబూ, పదకొండు క్రేట్లు" అంది పైడితల్లి.
కంచరపాలెం స్టేషన్లో ఫ్యాను కింద
నా కలం ఆగింది.

గొలుసులు పోయాయని రాశాను, బళ్లు పోయాయని రాశాను,
ఒకాయన పెళ్లాం పోయిందని పొద్దున రాయించి
సాయంత్రానికి కొట్టేయించుకున్నాడు.
ఇరవై ఆరేళ్లుగా స్టేషన్ రైటర్ని,
టమాటాలు రాయడం ఇదే మొదలు.

"గుర్తులేమైనా ఉన్నాయా?"
"ఎర్రగుంటాయి బాబూ."

నవ్వబోయి ఆగాను. ఆమె నవ్వలేదు.
మదనపల్లి సరుకు, రాత్రి లారీ దిగింది,
టార్పాలిన్ కప్పి, దాని మీద రాయి పెట్టి
టీ తాగొచ్చేలోగా రాయి మాత్రం మిగిలింది.
క్రేటుకి పాతిక కేజీలు, కేజీ నూట నలభై.
ముప్పై ఎనిమిది వేల ఐదు వందలు.
అంకెల్లో, అక్షరాల్లో రెండు సార్లు రాయించాక
అప్పు ఎవరి దగ్గర తెచ్చిందో చెప్పింది.
అది రాయడానికి గడి లేదు.

ఆ రోజు పేపరు బల్ల మీదే ఉంది, టీ గ్లాసు మరకతో.
టమాటా గుండెకి మంచిదట,
నూనెలో మగ్గిస్తే ఇంకా మంచిదట.
కేజీహెచ్ డాక్టరు మాత్రం నా స్కానింగు వెలుతురుకి పట్టి
"రాళ్లున్నాయి, టమాటా మానెయ్" అన్నాడు.
మా ఆవిడ అప్పటినుంచి చారులో చింతపండుతోనే సరిపెడుతోంది.
ఈ ధరల్లో
నా జబ్బొక్కటే మా ఇంటికి కలిసొచ్చింది.

మూడో రోజు దొరికాడు ఎర్నాయుడు,
జ్ఞానాపురం పట్టాల పక్కన, తన ఆటోలోనే నిద్రపోతూ.
నాలుగు క్రేట్లే మిగిలాయి.
మిగతావి మర్రిపాలెం కర్రీ పాయింట్లకి అమ్మేశాడు.
పప్పులో ఉడికిపోయిన సాక్ష్యాన్ని
ఏ పంచనామాలో పట్టుకుంటాం?

చేతులు కట్టుకుని నిలబడి అన్నాడు:
"మార్చి నెల్లో మా అయ్య
నాలుగు బళ్ల టమాటాలు ఆనందపురం రోడ్డు మీద
పారబోసినాడండి.
అప్పుడెవులూ కేసెట్టనేదు."

నేను తలెత్తలేదు.
వాంగ్మూలంలో "నేరం ఒప్పుకున్నాడు" అని రాశాను.
దానికి మాత్రం గడి ఉంది.

నాలుగు క్రేట్లకీ చీటీలు కట్టి, లక్క వేసి,
సారా డబ్బాలకీ నంబరు లేని బైకులకీ మధ్య పెట్టాం.
పాడయ్యే సరుకు, వేలం వేసేద్దాం అని అర్జీ పెడితే
మేజిస్ట్రేటుగారు సెలవు.
విశాఖ జూలై సంగతి మీకు తెలుసుగా,
ఉతికిన చొక్కాయే రెండు రోజులు ఆరదు.
నాలుగో నాటికి తెల్లటి బూజు,
ఆరో నాటికి తలుపు కింద నుంచి ఎర్రటి నీరు.
కొత్తగా వచ్చిన హోంగార్డు అది చూసి కేకేశాడు.
చీటీ మీద నా సంతకం కరిగి
చీమలు దాని మీదుగా నడుస్తున్నాయి.
పారబొయ్యమన్న ఆర్డరు వచ్చేసరికి
పారబొయ్యడానికి క్రేట్లే మిగిలాయి.
బకెట్టెడు నీళ్లతో గది కడిగించాం,
నీళ్లు వెనక గోడ కిందుగా కాలువలోకి పోయాయి.

డిసెంబరులో వాయిదా.
కోర్టు వరండాలో ఒకే బెంచీ మీద
ఆ చివర పైడితల్లి, ఈ చివర ఎర్నాయుడు,
మధ్యలో నేనూ ఫైలూ.
"ఎలా ఉంది బేరం?" అన్నాను.
"కేజీ ఆరు. ఎవులూ ముట్టుకోట్లేదు బాబూ.
ఇప్పుడెత్తుకెళ్లమనండి ఆడ్ని."
ఎర్నాయుడు కిందికి చూస్తూ
చెప్పు అంచుతో గచ్చు గీకాడు.
ఆమె కొంగులోంచి మరమరాలు తీసి
నాకు పెట్టింది. కాసేపాగి
పొట్లం నా ఒళ్లోంచి అవతలికి జరిపింది.

స్టేషన్ వెనక, కాలువ పక్కన,
తుప్పు పట్టిన స్కూటరు చక్రంలోంచి
ఒక మొక్క లేచింది.
ఆకు నలిపి వాసన చూశాను. అదే.
పసుప్పచ్చ పూలు నాలుగు, గోళీ అంత కాయ ఒకటి.
ఇది కేసు తాలూకు సొత్తా, కాదా,
ఏ రిజిస్టర్లో ఎక్కించాలి,
ఎస్సైగారిని అడగలేదు.

రోజూ టీ ఫ్లాస్కు కడిగిన నీళ్లు
ఎవరూ చూడనప్పుడు దానికే పోస్తున్నాను.