రెండో పెట్టె

మూడు నెలలకోసారి ఫోన్లు చేస్తాను.
నాలుగు వందల పన్నెండు కంపెనీలు,
అందరికీ అదే ప్రశ్న:
ఆర్డర్లు పెరిగాయా, అలాగే ఉన్నాయా, తగ్గాయా?
మూడు పెట్టెలు. ఒకదాంట్లో టిక్కు.
వాణిజ్య మండలిలో నా ఉద్యోగం ఇంతే.
టిక్కులన్నీ కలిస్తే ఓ గీతవుతుంది,
గీత లండన్‌కి వెళుతుంది,
అక్కడెవరో దాన్ని చూసి
కనుబొమ్మ ఎత్తుతారని మా నమ్మకం.

ఆల్విన్ థ్రాక్‌రే చేపలకి పొగబెడతాడు.
తాత కట్టిన చిమ్నీ, తారు పేరుకున్న గోడలు,
గోరుతో గీకితే వందేళ్ళు ఊడొస్తాయి.
హడాక్ చేప ఇప్పుడు ఐస్‌లాండ్ నుంచి
ఐసు పెట్టెల్లో దిగుతుంది.
మా రేవులో పడవలకన్నా
వాటికోసం ఎదురుచూసే పక్షులే ఎక్కువ.
పదకొండేళ్ళుగా ఆయన జవాబు ఒకటే:
"రెండో పెట్టె, అమ్మాయ్. అలాగే ఉంది."
భార్య పోయిన నెలలో కూడా
అలాగే ఉందన్నాడు.
టిక్కు పెట్టాను. ఏం చేయను,
నాలుగో పెట్టె లేదు.

తాళ్ళ ఫ్యాక్టరీ థర్జా అలా కాదు,
ఫోనెత్తిందంటే వదలదు.
"పనుంది, మనుషుల్లేరు, రాసుకో.
మనుషులున్నారు, బస్సు లేదు, అదీ రాసుకో.
రెండో షిఫ్టు పదింటికి దిగుతుంది,
ఆఖరి బస్సు తొమ్మిదీ నలభైకి పోతుంది.
దీనికి లెక్కల మాస్టారు కావాలా?"
ఆ ఇరవై నిమిషాల కోసం
లిథువేనియా నుంచి వచ్చిన రాముటె
నాలుగు మైళ్ళు నడిచేది,
లారీల గాలికి ఊగుతూ,
చీకట్లో మెరిసే జాకెట్టు వేసుకుని.
జనవరిలో మానేసింది.

అదే ఏడాది పెద్ద మాటలొచ్చాయి మా హాలుకి.
సముద్రంలో గాలిమరలు, హరిత హైడ్రోజన్,
హంబర్ నది పొడుగునా పెట్టుబడుల నడవా.
తెర మీది మ్యాపులో మా ఊరు
ఓ బాణం గుర్తు కింద పడి కనబడలేదు.
మంత్రిగారు ప్లాస్టిక్ టోపీ పెట్టుకున్నారు,
ఫోటో అయ్యాక తీసేశారు.
ప్రశ్నలున్నాయా అంటే థర్జా లేచింది.
"బస్సు?"
హాలంతా నవ్వింది.
కోట్ల ముచ్చట్లో
చిల్లర అడిగినట్టుందిట.

చిల్లరే అడిగాం. మూడేళ్ళు అడిగాం.
మాది కాదంది కౌన్సిల్.
గిట్టుబాటు కాదంది బస్సు కంపెనీ,
తొమ్మిది దాటాక ఎక్కేవాళ్ళే లేరని
కాయితం చూపించింది.
లేని బస్సుని ఎవరెక్కుతారు?
సంతకాలకి తిరిగాను.
ఆల్విన్ దగ్గర పనిచేసేది ఇద్దరు,
ఇద్దరిదీ పక్క వీధే.
మీకెందుకండీ ఇది అంటే
చేతికంటిన రంపపు పొట్టు దులుపుకుని
పెన్ను అందుకున్నాడు.
"నా పొయ్యి రాత్రంతా మండుతుంది.
తలుపు తీసుంటుంది.
నడిచేవాళ్ళు కనబడతారు."

మా పత్రికలో మొదటి పేజీ గాలిమరలది.
నాలుగో పేజీలో, కుర్చీల సేలు ప్రకటన కింద,
నేను రాసిన రెండు ముక్కలు:
తొమ్మిదో నంబరు ఆఖరి బస్సు
సోమవారం నుంచి పదీ ఇరవైకి.

ఆ సోమవారం నేనూ వెళ్ళాను.
సన్నగా వాన. ముగ్గురెక్కారు.
కోల్డ్ స్టోరేజీ అబ్బాయిలిద్దరు,
కూర్చోగానే నిద్రపోయిన ఒకావిడ.
డ్రైవరు అద్దంలో లెక్కపెట్టుకుని
"ఇంతేనా" అన్నాడు.
రాముటె లేదు.
పీటర్‌బరోలో ఏదో గోడౌన్లో చేరిందని విన్నాను.
బస్సు మొదటి రోజే చేపల వాసనేసింది.
పొగ ఇంటి ముందు మలుపు తిరిగినప్పుడు
ఎర్రటి తలుపులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు,
చెయ్యెత్తాడో, కళ్ళు తుడుచుకున్నాడో
అద్దం మీది నీళ్ళలో తెలియలేదు.

మళ్ళీ మూడు నెలలు.
"రెండో పెట్టె, అమ్మాయ్."
పెట్టేస్తాడనుకున్నాను, పెట్టలేదు.
ఫోన్లో కట్టె చిటపటలు వినబడుతున్నాయి.
"రాత్రిళ్ళు నడిచేవాళ్ళు తగ్గారు.
మరి అది ఏ పెట్టెలో వేస్తావో నాకు తెలీదు."

పెన్సిలుతో మార్జిన్లో రాశాను.
తగ్గారు.
లండన్ వెళ్ళే గీతకి అది ఎక్కదు.
తరవాతి నంబరు నొక్కాను.
ఎంగేజ్ వస్తోంది.