పదిహేడు మోపులు

కొట్టం తలుపు లోపలివైపు బొగ్గుతో రాసుకున్నాను:
నలభై ఎనిమిది. ముప్పై ఒకటి.
మొదటిది పచ్చిక మొలిచేదాకా రోజులు,
రెండోది వామిలో మిగిలిన మోపులు.
ఏడు నోళ్లకు రోజుకో పెద్ద మోపు.
కింద గీత గీసి, పదిహేడు.
పై రెండూ రోజుకొకటి చొప్పున తగ్గుతాయి,
పదిహేడు మాత్రం కదలదు.

ఏప్రిల్ ఎండ ఇక్కడ అబద్ధాలాడుతుంది.
చూరు నుంచి నాలుగు బొట్లు రాల్చి పిచ్చుకల్ని నమ్మిస్తుంది.
చీకటి పడగానే ఇచ్చినదంతా వెనక్కి లాక్కుంటుంది.
లేనా నది మీద ఇంకా లారీలు నడుస్తూనే ఉన్నాయి.

నిరుడు జూలైలో ముసురు పట్టింది.
అలాస్ అంటాం మేము,
అడవి నడుమ గిన్నెలా పల్లంగా ఉండే గడ్డినేలని.
ఆ గిన్నె మోకాటిలోతు నిండింది.
కెస్కిల్ నీళ్లలో నిలబడే కోశాడు.
సగం ఒడ్డు చేరింది, సగం నల్లబడి మురిగింది.
వామి వేసిన రోజు మా అత్త ఒగ్దో
దాని చుట్టూ ఒకసారి నడిచి వచ్చి
"నిరుటి వామికి నడుందాకానే ఉందే" అంది.
అంతే అంది.

బ్యోతుర్ దగ్గర గడ్డి ఉంది.
ధర అడిగితే ఆకాశం వైపు చూస్తాడు,
పైనుంచి ఎవరో చెప్పాలన్నట్టు.
నిన్న చెప్పింది ఇవాళ్టికి చెల్లదు.

లెక్కలోకి రానివి కూడా వెతికాను.
మంచుబండి ఒరిగిన చోట రాలిన పరకలు ఏరాను.
దూడల కింద పరిచింది దులిపి,
తడవని పోచలు విడదీశాను.
వెచ్చదనానికి బూట్లలో కూరుకున్న గడ్డి లాగి
మంగాస్ ముందు పెట్టాను.
వాసన చూసింది. తలెత్తి నన్ను చూసింది.
అచ్చం మా అత్త చూపు.
మళ్లీ బూట్లలోనే కూరుకున్నాను.

ఇక దాచి లాభం లేదు.

ఎరియెన్‌కి పద్నాలుగేళ్లు.
వట్టిపోయి రెండేళ్లు.
నవంబరులో, నది గట్టిపడ్డాక,
ముసలివాటిని కోసుకోవడం ఇక్కడి రివాజు.
కత్తి నూరి, నీళ్లు కాగి, పొరుగువాళ్లు వచ్చి నిలబడ్డాక
నేనే వద్దన్నాను.
నేనీ ఇంటికొచ్చిన చలికాలం
ఆ దూడ తడిగా నా ఒళ్లోనే ఆరింది.
అది కారణం కాదు. గుర్తుంది, అంతే.

ఆనాటి నుంచి నూట నలభై ఏడు రోజులు.
అందులో దాని వంతు
రాత్రి నిద్ర పట్టక లెక్కేశాను:
ఇరవై ఒక్క మోపులు.

ఈ లెక్క కెస్కిల్‌కు నాకన్నా ముందే తెలుసు.
చేపల చారు ఊదుకుంటూ తాగుతాడు,
బండి అడుగుచెక్క చీలిందంటాడు,
కుక్క కాలు కుంటుతోందంటాడు.
ఆ ఒక్క మాట అనడు.
అనేస్తే ఓ ఏడుపు ఏడ్చి తేలికపడుదును.

ఇవాళ పొద్దున్నే గొడ్డలి భుజాన వేసుకుని పోయాడు.
పొద్దు వాలాక వచ్చాడు,
బండి నిండా వాగు ఒడ్డు విల్లో కొమ్మలు,
మొగ్గలింకా విప్పని ఎర్రటి సన్న కొమ్మలు,
మీసాల మీద మంచు.
పేడతో అలికిన గోడ పక్కనుంచి వంగి లోపలికొచ్చి
ఆరు ఆవుల్ని దాటి, చివర కట్టేసిన ఎరియెన్ ముందు
మొదటి చేరెడు పడేశాడు.
నా వైపు చూడలేదు.
అరిగిన పళ్లతో అది బెరడు ఒలవసాగింది,
చెక్క మీద గోరు గీసినట్టు చప్పుడు.

పడుకునే ముందు దీపం పట్టుకుని వెళ్లాను.
పదిహేడు కొట్టేసి ఉంది.
పక్కన పదహారు.
నా దస్తూరీ కాదు.

బొగ్గు చెరగకుండా, అంచు పట్టుకుని
తలుపు మెల్లగా మూశాను.