గడువు

సత్యవేడు హైస్కూలు. ఏడో పీరియడు.
జపాన్ భాషకు లక్ష్యాలు రాసి పంపమన్నారు.
మొదటి గడిలో: మూడు వందల మాటలు.
రెండో గడి: తన్ను తాను పరిచయం చేసుకొనుట.
మూడోది 'కొలవదగినదై ఉండవలెను'.
అక్కడ పెన్ను ఆగింది.

వెనక బెంచీలో చెంగమ్మ లేచింది,
ఇంట్లో అరవం, బళ్ళో తెలుగు,
రెంటి నడుమా తడబడని పిల్ల.
"మా నాయన కంపెనీ గేటుకాడ కావిలి సార్.
తెల్లార్తో ఆ దొర కారు దిగి
నడుం వంచి ఏందో అంటాడు.
నాయనా వంగతాడు. మాట రాదు.
అది దండమో, తిట్టో
ఎనిమిది నెలలుగా తెలీదు.
దానికి బదులేంది సార్?"

బోర్డు మీద రాశాను.
తను అరచేతిలోకి ఎక్కించుకుంది,
తెలుగు అక్షరాల్లోనే.

ఆఖరి గడి, గడువు.
మార్చి అని రాయబోతుంటే
"కారు రేపు ఏడుకంతా వస్తాది సార్" అంది.