ఆడవాళ్ళ ఎరుపు

హీయుమా దీవిలో మందుల షాపు నాది.
ఎవరికి బీపీయో, ఎవరికి నిద్ర పట్టదో
నాకు తెలుసు. పడవ నడిపేవాడికీ తెలుసు.

మిరెల్ నెలకోసారి వచ్చేది.
ఈస్ట్రోజెన్ మాత్రలు, చిన్న నీలం బిళ్ళలు.
చీటీ చూసి, లెక్కపెట్టి, సంచిలో వేసి
"మంచిది" అనేదాన్ని.
ఆరు నెలలు అంతే.

ఈలోగా తాలిన్‌లో డాక్టరు మోతాదు పెంచాడు.
మళ్ళీ పెంచాడు.
రక్తంలో అంకె మాత్రం
ఓటికుండలో నీళ్ళలా పోసినకొద్దీ దిగిపోయేది.
"వేసుకోవడం మర్చిపోతున్నావా?" అని అడిగాడట,
ఆ మాత్రల కోసం పదేళ్ళు ఎదురుచూసిన మనిషిని.

జులైలో ఒకరోజు డబ్బులిస్తూ చెయ్యి చాపింది.
చూపుడువేలి కొసన, బొటనవేలి గోటికింద
ఎర్రటి మరక.
తెగిందేమో అనుకున్నాను.
"కాదు, మొగ్గలు నలిపితే అంటుకుంది" అని నవ్వింది.
"మామ్మా నేనూ కోస్తున్నాం, రోడ్డు పక్కన."

నాయిస్తెపునా.
మా భాషలో ఆ మొక్క పేరుకి అర్థం ఆడవాళ్ళ ఎరుపు.
పువ్వు పసుపే.
మొగ్గని నలిపితేనే
లోపలిది బయటపడుతుంది.

మామ్మ పేరు లైనె. ఎనభై మూడేళ్ళు.
మనవడిగా ఎత్తుకు పెంచిన పిల్లని
రెండేళ్ళు పాత పేరుతోనే పిలిచింది.
పలక్కపోతే గిన్నెల మీద కోపం చూపించింది.
ఆమె, అతను రెండిటికీ మా భాషలో ఒకటే మాట,
పేరొక్కటే దాక్కోనివ్వదు.
పోయిన చలికాలం, మూడింటికే చీకటిపడిన రోజు,
పిల్ల గోడవైపు తిరిగి ఏడుస్తుంటే
కషాయం కాచి మంచం పక్కన పెట్టిందట.
"మా అమ్మ నాకిచ్చింది. ఇది ఆడవాళ్ళది, మిరెల్. తాగు."

అప్పట్నించి రోజూ రాత్రి ఒక కప్పు.
ఒక్క చుక్క వదల్లేదు.

వదలమని నేనెలా చెప్పను?

చెప్పాను.
ఆ మొక్క కాలేయాన్ని తొందరపెడుతుందని,
ఆ తొందరలో అది నీ మాత్రని కూడా
చెత్తతోపాటు ఊడ్చి పారేస్తోందని,
మానేసినా రెండు వారాలదాకా తొందర తగ్గదని,
తగ్గాక, పెంచిన మోతాదు ఎక్కువైపోతుంది గనక
డాక్టరుకి ముందే చెప్పాలని.
ఏడుపు మళ్ళీ వస్తే దానికి వేరే దారి ఉందని.
మొదటి రోజే నేను అడగాల్సిందన్న సంగతి మాత్రం
నోట్లోనే ఉండిపోయింది.
ఇంకేమైనా తాగుతున్నావా?
రెండే మాటలు. నాలిక అరిగిపోయేది కాదు.

మిరెల్ చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకుని
"మామ్మకి మీరే చెప్పండి" అంది.

లైనె సైకిలు మీద వచ్చింది.
సీసా కౌంటరు మీద పెట్టింది, చప్పుడయ్యేలా.
"విషమా ఇది?"
"కాదండీ. ఈ మందుకి పడదు, అంతే."
"మా ఇంట్లో మూడు తరాల ఆడవాళ్ళం తాగాం."
"మీకది ఒంట్లోనే ఊరింది.
తనకి నేను అమ్మితేగాని లేదు."
అనకూడదేమో. అనేశాను.

ఆవిడ సీసావైపు చాలాసేపు చూసింది.
వరసలో వెనకాయన దగ్గాడు.
"అయితే దానికి నేనేం ఇవ్వను?"

నా పుస్తకాలు వేటిలోనూ లేదు.
ఊరుకున్నాను.

సెప్టెంబరులో మళ్ళీ వచ్చింది. ముక్కు ఎర్రబడి, గాలికి.
"పటిక ఉందా?"
ఉంది. తీయబోతూ ఆగాను.
ఈసారి అడిగాను.
"దేనికండీ?"
"ఉన్నికి రంగు పట్టద్దూ?
ఎండబెట్టిన పూలన్నీ పారేస్తాననుకున్నావా?
చేతొడుగులు అల్లుతున్నాను."
"ఎంత ఇవ్వమంటారు?"
"కాస్త ఎక్కువే ఇయ్యి" అంది.
"దాని చేతులు పెద్దవి."