ఐదు కాజాలు

చొక్కా ఎత్తి చూపించమన్నాడు అర్బాబు.
చూపించా.
బొడ్డు చుట్టూ ఐదు గాట్లు,
పసిపిల్లాడి చొక్కాకి తీసే కాజాలంత.
బొడ్డు కింద ఇంకొకటి, జేబు నోరంత.
"ఇంతేనా?" అన్నాడు.
ఇరవై రెండు రోజుల సెలవుకి
ఇంత చిన్న సాక్ష్యమా అని ఆయన బాధ.

మనామా సూక్‌లో, సందు వెనక సందులో
పంతొమ్మిదేళ్లుగా మిషను తొక్కుతున్నా.
తోబులు, వాచ్‌మన్ల యూనిఫారాలు, బడిపిల్లల గౌన్లు.
లోపలి లైనింగు చిరిగితే
పై కుట్టు విప్పకుండా బాగుచేసే దర్జీని
నంద్యాలలో చూడలేదు, ఇక్కడా చూడలేదు.
మా నాయన హుసేనప్ప అనేవాడు:
"విప్పడానికి బద్ధకించేవాడు
కుట్టడానికి పనికిరాడు."

ఆ డాక్టరమ్మ విప్పలేదు.
ముందురోజు సాయంత్రం వచ్చి
ఊదారంగు పెన్నుతో పొట్ట మీద గుర్తులు పెట్టింది.
నేనైతే సుద్దముక్కతో పెడతా.
పెద్దపేగులో ఒకటి, కాలేయం అంచున రెండు,
తిల్లిలో ఒకటి.
(మటన్ కొట్లో కొనే తిల్లి
నాలోనూ ఉందని అప్పుడే తెలిసింది.)
ఒకే గుడ్డకి ఇన్ని చోట్ల పురుగు.
"అన్నీ ఒకేసారా అమ్మా?"
"ఒకేసారే," అంది అరబ్బీ యాస హిందీలో,
"నిన్ను మళ్లీ మళ్లీ నిద్రపుచ్చడం నాకిష్టం లేదు."

పొట్టలోకి గాలి పట్టించారంట.
పెళ్లి షామియానాలా లేచి నిలబడిందంట.
ఒక కాజాలోంచి దీపం, ఒక కాజాలోంచి కత్తెర,
ఇంకోదాంట్లోంచి సూది.
ఎదురుగా టీవీలో చూసుకుంటూ
ఏడు గంటలు.
గుడ్డని వేలితో తడమకుండా
ఏ దర్జీ కుడతాడు, చెప్పండి!
సూది మొన ఎక్కడుందో నాకు కన్ను చెప్పదు,
వేలు చెబుతుంది.

మెలకువ వచ్చాక నొప్పి పొట్టలో కాదు, భుజంలో.
బాకీ అడగడానికొచ్చినవాడు
పక్కింటి తలుపు కొట్టినట్టు.
మిగిలిన గాలి పని అంట అది.

నేనడిగిన మొదటి మాట:
"మిగిలిన గుడ్డ ఏదమ్మా?"
జ్వరంలో వాగుతున్నాననుకుంది నర్సు.
కాదు. మా కొట్లో అది ధర్మం.
జానెడు పేలిక మిగిలినా
మడిచి గిరాకీ చేతికివ్వాలి.
డాక్టరమ్మకి అర్థమైంది, నవ్వింది.
"సంచీలో వేసి కింది గాటులోంచి తీశాం.
లాబుకి పంపాం. అంచులు చూడాలి."

అంచులు.
ఆ ఒక్క మాట నాకెవరూ విడమర్చనక్కర్లేదు.
గీత మీద కత్తిరించేవాడు మూర్ఖుడు.
అరంగుళం అవతల పెట్టాలి కత్తెర.
పదకొండు రోజులు
ఆ అరంగుళంలోనే కాపురమున్నా.

నిన్న కాగితం వచ్చింది.
మూడు చోట్ల అంచులు శుభ్రం.
కాలేయం దగ్గర ఒకటి మాత్రం
నూలుపోగంత ఎడం.
మూడు నెలలకి మళ్లీ స్కానింగు.

అర్బాబు ఇంకా వేళ్లు మడిచి
గాట్లు లెక్కపెడుతున్నాడు.
చొక్కా దించుకున్నా.
నడుము దగ్గర బాగా వదులైంది,
తొమ్మిది కిలోలు తగ్గా.
రెండు పక్కలా టక్కు పడితే సరిపోతుంది,
పది నిమిషాల పని, మిషను ఎదురుగానే ఉంది.

పట్టలేదు.
ఇదే కొలతకి మళ్లీ రావాలి నేను.