నాలుగో నియమం

కొబ్బరినూనె పోస్తేగానీ తిరగలేదు బీరువా తాళం.
రిజిస్టరు తీశాను.
ఎనభై ఆరు వరద నాటికి నూటనలభై రెండు సంతకాలు.
ఇప్పుడు కోరం పదకొండు, మిగిలింది తొమ్మిది మంది,
అందులో ఇద్దరు మస్కట్‌లో.
ముప్పై అయిదు దాటకూడదన్న వయసుని
మేమే నలభై అయిదు చేశాం, ఆనక కొట్టేశాం.
యువజన సంఘం కార్యదర్శిని నేను,
మొన్ననే శుక్లాలు తీయించుకున్నాను.

నాలుగో నియమం మాత్రం ముట్టుకోలేదెవరూ:
"సభ్యుడు కాలవకి ఇవతలివాడై ఉండవలెను."

ఇవాళ నేలపూడి సుహాసిని వచ్చింది
వంతెన దాటి, సైకిలు మీద, పది రూపాయలతో.
వాలీబాల్ నెట్టు అమలాపురంలో తనే కొని తెస్తానంది.
ఇవతలివాడు కాదు.
అసలు వాడే కాదు.
నేను కళ్ళజోడు తుడుచుకుంటుంటే
"మా తాతే కదండీ, ఆ రాత్రి ఏటిగట్టు మీద
మీతో ఇసుక బస్తాలు మోసింది?" అంది.
పేజీలు తిప్పాను.
మోసినవాడే.
ఒక్క పేజీలోనూ లేడు.

రసీదు రాశాను, గట్టిగా అదిమి.
చించి ఇస్తే
బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

కార్బను ఏ కాలం నాటిదో,
సంఘం కాపీ తెల్లగానే ఉంది.

పెన్నుకి మూత పెట్టలేదింకా.