పదకొండో గడి

లాల్‌బాగ్ గుట్ట వెనక, విత్తనాల గదిలో
నా ఉద్యోగం లెక్కపెట్టడం.
ఫారంలో పన్నెండు గళ్ళు.
కాయ పొడవు. వెడల్పు. మందం. రంగు.
ఎండితే పగులుతుందా, పగలదా.

బల్ల మీద ఆఫ్రికా చెట్టు కాయ.
పేరు పలక ఏ గాలివానకో కొట్టుకుపోయింది,
పిళ్ళప్ప మాత్రం "నల్లకళ్ళది" అంటాడు.
చిక్కుడు కుటుంబమట!
చిక్కుడంటే నాకు
మా అమ్మ ఈనె తీస్తుంటే వేళ్ళకంటే వాసన.
ఇదేమో చెక్క.
అటక మీద మరిచిపోయిన ముత్తాత చెప్పు.
కత్తికి లొంగదు, సుత్తి వేస్తే
సుత్తే ఎగిరి వెనక్కొస్తుంది.

"కొట్టొద్దమ్మా," అన్నాడు పిళ్ళప్ప.
"దానికో పొద్దుంటాది. అప్పుడు అదే పగల్తాది."

శివరాత్రి వెళ్ళిన నాలుగో రోజు వచ్చింది ఆ పొద్దు.
మధ్యాహ్నం రెండుంబావు.
డబుల్ రోడ్డు మీద బస్సులు కూడా
ఎండకు గొంతు తగ్గించుకున్న వేళ
ఫట్‌మని ఒక్క చప్పుడు.
నా టీ సగం ఫారం మీద.
చూస్తే, రెండు పెంకులూ
అలిగి చెరోవైపు తిరిగి పడుకున్న మొగుడూ పెళ్ళాల్లా
మెలిపడి ఉన్నాయి.

లోపల తెల్లని బెండు.
బెండులో గుంతలు.
గుంతకొక గింజ, అడ్డంగా,
ఒకదానికొకటి తగలకుండా.
వామనగుంతల పీట సర్దిపెట్టి
ఆడేవాళ్ళు ఎటో లేచిపోయినట్టు.

గింజ నలుపు.
పలక నలుపు కాదు, నూనె రాసిన జడ నలుపు.
అడుగున పండుమిరప రంగు గిన్నె,
మైనంలా మెత్తగా, గింజను సగందాకా పట్టుకుని.
గురివింద తన కింద నలుపెరగదంటారే,
ఇది ఆ సామెతను తిరగేసుకు పుట్టింది.
ఒళ్ళంతా నలుపు.
కింద ఎరుపుందని దానికెవరు చెప్పాలి?

గింజలు: ఏడు. రాశాను.
పదకొండో గడి: మోసుకెళ్ళేది ఎవరు?

పుస్తకంలో ఒక పక్షి ఉంది, పెద్ద ముక్కుది.
గిన్నె కోసం వస్తుంది. ఎరుపు తిని
నలుపును ఎక్కడో దూరాన జారవిడుస్తుంది.
ఆ పక్షి ఈ ఊళ్ళో లేదు.
కిటికీలో కాకి ఓసారి తల వంచి చూసి
క్యాంటీను ఇడ్లీ ముక్కకి వెళ్ళిపోయింది.
చీమలు అంచు కొరికి వదిలేశాయి.
అయినా చెట్టు ఏటేటా
ఆ కాసింత ఎరుపూ తయారుచేస్తూనే ఉంది.
ఎవరి రుచికో.

గడిలో అడ్డగీత గీయబోయి ఆగాను.

పిళ్ళప్ప పోయినేటి గింజ ఒకటి తీసి
గచ్చు మీద రాస్తున్నాడు,
మొలక వచ్చే కన్ను తప్పించి, వెన్ను వైపు.
"తోలు అరక్కపోతే నీళ్ళు పట్టదు.
ఏండ్లకేండ్లు ఊరికే కూచుంటాది, మొండిది."
గరగరా గరగరా
నలుపులో ఒక తెల్లచుక్క కనబడేదాకా.
ఆయన బొటనవేలి గోరు ఒకవైపే అరిగి ఉంది.

సాయంత్రం అప్పగింత.
రిజిస్టరులో ఏడు, డబ్బాలో ఆరు.
బల్ల కింద వెతికాను, చీపురు దులిపాను.
అడక్కుండానే పిళ్ళప్ప జేబు తిరగేసి చూపించాడు:
బీడీ కట్ట, మెట్రో టోకెను,
ఇంకొకరి పేరున్న మందుల చీటీ.
నాకు సిగ్గేసింది.

సిద్ధాపురలో ఇంటికొచ్చి చీర మార్చుకుంటుంటే
కుచ్చిళ్ళలోంచి టక్కున పడి
మంచం కిందికి దొర్లింది.
హంసవేణి పాక్కుంటూ వెళ్ళి పట్టుకొచ్చింది.
ఎరుపు గిన్నె లేదు.
బస్సులోనో, మెట్ల మీదో ఊడిపోయినట్టుంది.
"ఎవరిదమ్మా ఇది?"
మాట్లాడలేదు నేను.
మెరుపొస్తుందేమోనని
పిల్ల దాన్ని గోడకేసి రాయడం మొదలుపెట్టింది.
గరగరా.
సున్నం రాలుతున్నా ఆపలేదు.

పొద్దున వెళ్ళి రిజిస్టరులో
ఏడు కొట్టేసి ఆరు వేశాను.
పదకొండో గడి సంగతి ఎవరూ అడగలేదు.